కూర్చున్న ఇంజను

నిన్న ఉదయం దేశ రాజధానిలో, ద్వారక అనే పేటలో, మా సొసైటీ గేటు ముందు ఒక కొత్త కారుకి పూజ జరిగింది. బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ దిద్ది, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, బండిని మెల్లగా జానెడు ముందుకు జరిపారు. అప్పుడే వేడెక్కుతున్న సిమెంటు మీద కాయలు చితికి, రసం చిమ్మి, ఆ ఘాటు వాసన గేటు దాటి మా మెట్ల దాకా వచ్చింది. నిమ్మకాయ వాసనకి ఎవరికైనా నోరూరుతుంది. నాకు ఇంజనాయిలు గుర్తొస్తుంది. ఒకప్పుడు మా ఇంట్లో నిమ్మకాయకీ ఇంజనాయిలుకీ పెద్ద పోటీ నడిచింది. అందులో ఏది గెలిచిందో పదేళ్ల వయసులో నేను కళ్లారా చూశాను. ఆ ఒక్క శనివారం నాకు నేర్పినంత, తరవాత చదివిన పుస్తకాలు నేర్పలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల మాట ఇది. అప్పుడు మేం మయూర్ విహార్‌లో, ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలో రెండో అంతస్తులో ఉండేవాళ్లం. అమ్మ, నాన్న, నానమ్మ, నేను. కింద బూరుగు చెట్టు నీడలో మా తెల్ల కారు ఉండేది. ఎవరో వాడుకుని అమ్మితే కొన్న చిన్న బండి. ఫాల్గుణంలో ఆ చెట్టు ఆకులన్నీ రాల్చేసి ఒళ్లంతా ఎర్రగా పూసేది. అరచేతంత పూలు, దొప్పల్లాంటి మందపాటి రేకులతో, కారు కప్పు మీద దబ్బు దబ్బుమని రాలుతుంటే, ఇంట్లో కూర్చుని ఎన్ని పడ్డాయో నేను లెక్కపెట్టేదాన్ని. హోలీకి ఎవరో విసిరిన ఆకుపచ్చ రంగు వెనక తలుపు మీద ఎన్ని వానలు పడ్డా పోలేదు. ఆ మచ్చని బట్టే మా కారుని దూరం నుంచి గుర్తుపట్టేవాళ్లం.

ఆ కారు మాకు కారు ఒక్కటే కాదు. తొక్కుడుబిళ్లని స్టాపూ అనీ, దాగుడుమూతల్ని ఐస్ పైస్ అనీ పిలుచుకునే మా పిల్లల గుంపుకి అది దొంగ నిలబడి అంకెలు చదివే చోటు. నానమ్మకి వడియాల అరుగు. మేడ మీదికి వెళితే కోతులు బతకనివ్వవని, ఏప్రిల్ ఎండల్లో కారు కప్పు మీద పాత నూలుచీర పరిచి మినప వడియాలు పెట్టి, పక్కన కుర్చీ వేసుకుని, చేత్తో కర్ర పట్టుకుని కాపలా కూర్చునేది. మే నెల వచ్చేసరికి ఇంటింటి కూలర్ల నుంచి తడిసిన గడ్డి వాసన వచ్చేది. కారు లోపల రెక్సిన్ సీట్లు తొడలకి అంటుకుని చురుక్కుమంటుంటే ఆవిడే తడి తువ్వాలు పరిచేది. చలికాలం పొగమంచులో దూదేకేవాడు తంతి టంగుమనిపించుకుంటూ వీధిలో తిరుగుతుంటే, బండి ఎంతకీ కదలక, వేరుశనక్కాయలు నములుతున్న అంకుల్స్ నలుగురూ శాలువాలు భుజాన వేసుకుని వచ్చి ధక్కా పెట్టి తోసేవాళ్లు. ఉగాదికి వేపపువ్వు కోసం నన్నూ నాన్ననీ పార్కులన్నీ తిప్పేది కూడా ఆ కారే. మాకు మాత్రం ఎప్పుడూ మొగ్గలే దొరికేవి. "ఈ ఊరి వేపచెట్లకి మన తిథులు తెలియవురా," అని నానమ్మ విసుక్కుని, లేతాకులే తుంచి పచ్చడిలో వేసేది.

ఆదివారం మధ్యాహ్నం యమున దాటి అశోకా రోడ్డుకి తెలుగు భోజనానికి వెళ్లేవాళ్లం. వరసలో గంట నిలబడి లోపలికి అడుగుపెడితే కందిపొడి, వేడి నెయ్యి, గోంగూర వాసన ఒక్కసారిగా మీద పడేది. నానమ్మ అన్నీ తిని, విస్తట్లో ఏమీ మిగల్చకుండా, చివరికి సాంబారు బాగాలేదని చెప్పి లేచేది. తిరిగొచ్చేటప్పుడు ముందు సీట్లో ఆవిడ కునుకు తీసేది. వెనక సీట్లో నాన్న నాకు దేవుడు లేడని వాదించి చెప్పేవాడు. ఆయన గుడివాడ వైపు గ్రంథాలయాల్లో, చర్చావేదికల్లో పెరిగిన మనిషి. ముహూర్తాల మీదా బాబాల మీదా ఆయన కోపం ఇల్లంతా వినపడేది. ఆయన వెనక సీట్లో ఎందుకు కూర్చునేవాడంటే, కారు నడిపేది అమ్మ.

ముప్పై అయిదేళ్ల వయసులో, పక్కింటి ఆంటీలు నవ్వుతుంటే, అమ్మ ఆ కారు మీదే డ్రైవింగ్ నేర్చుకుంది. ఆవిడ సైన్సు టీచరు. ఉద్యోగం దొరికిన బడి ద్వారకలో ఉంది, అంటే మాకు ఊరి ఆ చివర. మా వైపు అప్పటికి మెట్రో లేదు. బస్సులో వెళ్లాలంటే రెండుచోట్ల మారి, ఒక్కో పూటకి రెండు గంటలు నలగాలి. ఆ కారు ఉంటేనే ఆ ఉద్యోగం. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనుకోలేదు.

ఆ ఏడు మార్చిలో కారుకి జబ్బు చేసింది. సిగ్నల్ దగ్గర ఆగితే చలిజ్వరం వచ్చినట్టు వణికేది. పికప్ లేదు. యమున వంతెన ఎక్కడానికి అమ్మ మొదటి గేరు వేసి, పెదవి బిగించి, స్టీరింగు మీదికి వంగేది. ముందు సీట్లో నానమ్మ కూడా, తను వంగితే బండి కాస్త ముందుకు సాగుతుందన్నట్టు, వంగేది. వెనక బస్సువాళ్లు హారన్లు కొట్టేవాళ్లు. పరీక్షలు అయిపోయి బడికి వారం సెలవులిచ్చారు. ఏప్రిల్ ఒకటిన మళ్లీ తెరుస్తారు. ఆ లోగా ఏదో ఒకటి తేల్చాలి.

ఇంటి వెనక మార్కెట్ గోడవారన షెడ్డు వేసుకున్న మెకానిక్ పేరు పప్పూ. యాభై దాటిన, నెరిసిన మీసాల మనిషి. "అంత మనిషిని పట్టుకుని పప్పు అని ఎలా పిలుస్తారే," అని నానమ్మ ఆయన్ని ఎప్పుడూ పేరుపెట్టి పిలవలేదు. నాన్న కబురు పెడితే ఆయన మా ఇంటిముందుకే వచ్చి బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి విన్నాడు. కింది ఫ్లాటు మూర్తి అంకుల్ కూడా కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు.

"ఇంజన్ బైఠ్ గయా, భాయిసాబ్. పూరా ఖోల్‌నా పడేగా," అన్నాడు పప్పూ.

వడియాల కుర్చీలోంచి నానమ్మ నన్ను పిలిచింది. "ఏమంటున్నాడే?"

"ఇంజను కూర్చుందట నానమ్మా."

"కూర్చుంటే లేపమను. నేను మాత్రం పొద్దున్నే లేవగలుగుతున్నానా? మీ అమ్మ చెయ్యి పట్టుకుని లేపట్లా?"

హిందీలో ఇంజను బైఠ్ గయా అంటే అది కుప్పకూలిందని అర్థం. నానమ్మకి మాత్రం అది చివరిదాకా కూర్చోవడమే. కూర్చున్నది లేస్తుందని ఆవిడ నమ్మకం. ఇంజను మొత్తం విప్పి కొత్త రింగులు వేయడానికి పప్పూ చెప్పిన మొత్తం మాత్రం నాన్నని కూడా అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టింది. కారుని అమ్మితే వచ్చేదానికి అది కాస్తే తక్కువ.

మూర్తి అంకుల్ రాజమండ్రి మనిషి. ఎవరి పుట్టినతేదీ అయినా, ఫోను నంబరైనా కూడి ఫలితం చెప్పేవాడు. "నే ముందే చెప్దామనుకున్నా రావుగారూ. మీ బండి నంబరు కూడితే ఎనిమిదండీ. శని నంబరు. పైగా మీరు కొన్నది శనివారం. దీని మీద పైసా పెట్టకండి. ఎవడికో ఒకడికి అమ్మేసి, ఐదు నంబరు బండి చూసుకోండి."

"మా ఆఫీసులో నా గది నంబరు ఎనిమిది, మూర్తిగారూ. అక్కడికి వచ్చే శని ఎవరో నాకు తెలుసు, మా పై ఆఫీసరు. ఆయనకి జాతకం అక్కర్లేదు, ఫైలు చాలు."

"మీరు నవ్వండి. నవ్వినవాళ్లంతా తరవాత మా ఇంటికే వచ్చారు."

ఆ మాటకి నాన్న లేచి నిలబడ్డాడు. "అయితే వినండి. ఈ కారు అమ్మను. ఎంతయినా పెడతాను. ఇదే నంబరుతో ఇంకో పదేళ్లు మీ కిటికీ ముందునుంచే నడిపిస్తాను. పప్పూ, ఖోల్ దో, విప్పెయ్."

నాకు ఒళ్లు పులకరించింది. మా నాన్న అంధవిశ్వాసాన్ని చిత్తుగా ఓడించాడనుకుని మెట్లన్నీ పరిగెత్తి అమ్మకి చెప్పాను. అమ్మ పుల్కాలు కాలుస్తోంది. విని, పుల్కా తిరగేసి, నాన్న పైకి వచ్చేదాకా కాలుస్తూనే ఉంది.

"ఇంజను విప్పితే బాగవుతుందని మీకెలా తెలుసు?" అంది.

"పప్పూ చెప్పాడు కదా."

"పప్పూ విని చెప్పాడు. చూసి చెప్పలేదు. అంతా ఖర్చుపెట్టాక బాగవకపోతే?"

నాన్న చేతులు కడుక్కుంటూ, ఆలోచించకుండా అనేశాడు. "బాగవకపోతే కొన్నాళ్లు బడి మానేద్దువుగాని సుశీలా. ఏం కొంప మునిగిపోతుంది?"

పొయ్యి మీద పుల్కా పొంగి, మాడి, పొగ వచ్చింది. అమ్మ దాన్ని పక్కన పడేసి స్టవ్వు ఆర్పింది. ఆవిడ గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచేది కాదు.

"బానెట్ చుట్టూ ముగ్గురు మగాళ్లు నిలబడి తేల్చేశారు. నడిపేదాన్ని నేను. నన్నెవరైనా అడిగారా?"

"మూర్తి చెప్పాడని కారు అమ్మేయమంటావా?"

"ఆయన అమ్మమన్నాడని మీరు అమ్మనంటున్నారు. అప్పుడు కూడా నిర్ణయం ఆయనదే కదండీ, మీదెక్కడిది? పంతం వేరు, కారణం వేరు."

గుడివాడ వేదికల మీద ఎవరికీ జవాబు బాకీ పడని మా నాన్న ఆ పూట తడి చేతులతో అలాగే నిలబడ్డాడు. నేను ఆయన మొహం వంక చూశాను. కోపం కాదు. తప్పు చేసి దొరికిన పిల్లాడి మొహం అది. స్త్రీల స్వేచ్ఛ గురించి ప్రతి ఆదివారం సాయంత్రం మా ముందుగదిలో నలుగురినీ పోగుచేసి ఆయన మాట్లాడేవాడు. ఆ స్వేచ్ఛ రోజూ ఉదయం ఆరింటికి ఏ బండి తాళం తీసుకుని మెట్లు దిగుతుందో ఆయనకి తట్టలేదు. హేతువాది ఇంట్లో కూడా హేతువు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి బయటే ఉండిపోవచ్చు. ఈ మాట నేను మూర్తి అంకుల్ లాంటివాళ్ల కోసం రాయడం లేదు, మాలాంటివాళ్ల కోసమే రాస్తున్నాను.

మర్నాడు అమ్మ నన్ను తీసుకుని పప్పూ షెడ్డుకి వెళ్లింది. గ్రీజు నల్లగా పేరుకున్న నేల, పాత టైర్ల మీద కుర్చీలా వేసిన చెక్క, టీ గ్లాసుల్లో బోల్టులు. అమ్మ హిందీ వ్యాకరణం తప్పుల్తో నడిచేది గానీ, ఎక్కడా ఆగేది కాదు. ఇంజను కూర్చుందని ఎలా తెలిసిందని అడిగింది. ముప్పై ఏళ్ల అనుభవం అన్నాడు. అనుభవం చెప్పింది నిజమో కాదో చూసే దారి ఏదైనా ఉందా అని అడిగింది. పప్పూ తల గోక్కుని, అడుగునున్న పెట్టెలోంచి గుడ్డలో చుట్టిన గడియారం లాంటి మీటరు ఒకటి తీశాడు. పని నేర్పిన వాళ్ల ఉస్తాద్‌ది. సిలిండరు ఎంత బిగువుగా ఉందో అది చూపిస్తుంది. ఎక్కడ బిగువు తగ్గిందో అక్కడ ఒక చెంచా ఇంజనాయిలు పోసి మళ్లీ చూడాలి. సూది లేస్తే రింగులు అరిగాయన్నమాట, అప్పుడు ఇంజను పూర్తిగా పోయినట్టే. లేవకపోతే తప్పు పైనున్న వాల్వులో ఉంది. పై భాగం ఒక్కటి విప్పితే చాలు. అదీ చవక కాదు, కానీ బండి బతుకుతుంది.

"మరి నిన్న ఇది చూడలేదేం భయ్యా?"

"ఆజ్ తక్ కిసీ నే పూఛా హీ నహీఁ, దీదీ." ఇవాళ్టిదాకా ఎవరూ అడగనే లేదు, అన్నాడు పప్పూ. ఆ మాటలో వంకర లేదు. నిజంగానే ఎవరూ అడగలేదు.

శనివారం ఉదయం పరీక్ష. "కావాలనే శనివారం పెట్టావా?" అని నాన్న ఉత్సాహంగా అడిగాడు. "పప్పూకి ఖాళీ ఇవాళే," అంది అమ్మ. ఆవిడకి శనివారం మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, నాన్నకి పనికొచ్చే ఆయుధం కూడా కాదు. వంటింట్లోంచి ఒక స్టీలు చెంచా తీసుకుని నా చేతికిచ్చింది. షెడ్డు దగ్గర నాన్న, మూర్తి అంకుల్, కుర్చీతో సహా నానమ్మ హాజరయ్యారు. ముట్టుకునే ముందే అమ్మ అందరికీ వినపడేలా చెప్పింది.

"సూది లేస్తే కారు అమ్మేస్తాను. బస్సులో వెళతాను, బడి మాత్రం మానను. లేవకపోతే బాగు చేయించి నడుపుతాను. ఏదొచ్చినా తరవాత వాదన లేదు. సరేనా?"

నాన్న సరేనన్నాడు. ఫలితం రాకముందే, ఏది చూస్తే నా మాట మార్చుకుంటానో చెప్పి నిలబడటం: ఇంతకన్నా కష్టమైన నిజాయితీ ఉందని నేను అనుకోను. ఎంతోమంది వక్తల్ని విన్నాను, ఇది చేసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పప్పూ ప్లగ్గులు విప్పాడు. అమ్మ సీట్లో కూర్చుని, యాక్సిలరేటరు అడుగుదాకా తొక్కి, సెల్ఫ్ కొట్టింది. మొదటి సిలిండరు దగ్గర సూది ఠీవిగా పైకి వెళ్లి నిలబడింది. రెండోదీ అంతే. మూడో దాని దగ్గర సగం కూడా ఎక్కలేక కూలబడింది. అప్పుడు పప్పూ నావైపు చెయ్యి చాచాడు. నేను చెంచా ఇచ్చాను. తేనె రంగు నూనె నిండుగా పోసి, ప్లగ్గు రంధ్రంలోకి మెల్లగా వంచాడు. వెనకనుంచి నానమ్మ చిన్నగా జపం మొదలుపెట్టింది. "లే నాయనా, లే. లే తండ్రీ, లే."

"అత్తయ్యా, లేవకూడదు," అంది అమ్మ సీట్లోంచి.

"అదేమిటే, కూర్చున్నది లేవకపోతే ఎలాగే?"

అమ్మ తాళం తిప్పింది. అమ్మ తెల్లవారుజామున కట్టుకునే గంజిపెట్టిన చీరలు, సుద్దముక్క పొడి అంటిన ఆవిడ వేళ్లు, సాయంత్రం తలుపు తీయగానే వచ్చే బడి వాసన, అన్నీ ఆ సూది మొన మీద ఉన్నట్టు అనిపించింది. ఇంజను గరగరలాడింది. సూది కదిలి, ఇందాకటి చోటికే వచ్చి, ఆగిపోయింది. మళ్లీ తిప్పింది. అక్కడే ఆగింది.

"నహీఁ ఉఠా," అన్నాడు పప్పూ, తన అనుభవం తప్పిందని సంతోషపడిన మొదటి మెకానిక్‌లా నవ్వుతూ. "వాల్వ్ హై."

"లేవలేదా?" నానమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయ్యో, నా కోడలి ఉద్యోగం."

అమ్మ కారు దిగి, ఆవిడ ముందు గొంతుకూర్చుని నవ్వింది. "లేవలేదు కాబట్టే ఉద్యోగం ఉంది అత్తయ్యా."

ఇంజను పైభాగం విప్పితే, కాలిపోయిన వాల్వు అంచు కొరికిన బిస్కెట్టులా ఉంది. నాలుగు రోజుల్లో బండి తయారైంది. ఇంటిముందు నిలిపాక మూర్తి అంకుల్ తన వంతుగా బానెట్ లోపలికి తొంగిచూసి, బ్యాటరీ వెనకనుంచి వాడిపోయిన నిమ్మకాయ ఒకటి బయటకి తీశాడు. "ఇదండీ సంగతి. ఇది కాపాడింది." అందరం నానమ్మ వంక చూశాం. ఆవిడ చీర కొంగు సవరించుకుంది. "శనివారం పొద్దున్నే పెట్టా. ఎందుకైనా మంచిదని."

నాన్న నోరు తెరవబోయాడు. అమ్మ ఆయన్ని కళ్లతోనే ఆపింది. "అలాగే మూర్తిగారూ. ఈసారి పాడైతే వాల్వు మార్చకుండా నిమ్మకాయ ఒక్కటే పెట్టి చూద్దాం. మీ కారుతో మొదలుపెడదామా?"

"నా కారు ఎందుకమ్మా, అది బానే ఉంది," అని మూర్తి అంకుల్ కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ ఒకటిన అమ్మ వంతెన మూడో గేరులో ఎక్కింది. ఆ ఆదివారం మా ముందుగదిలో జరిగే చర్చలో నాన్న ఈ కథంతా తన మీద తనే చెప్పుకున్నాడు. "కొన్నాళ్లు మానేద్దువుగాని" అన్న మాటతో సహా, దాచుకోకుండా చెప్పాడు. వచ్చినవాళ్లు నవ్వితే, నవ్వడానికి చెప్పలేదన్నాడు. ఇంజనాయిలు అంటిన చెంచాని మాత్రం నానమ్మ వంటింట్లోకి రానివ్వలేదు. అది కారు డాష్‌బోర్డు అరలోనే ఉండిపోయింది.

ఆ కారు ఇంకా చాలా ఏళ్లు నడిచింది. వయసు మీరిన బండ్లు ఈ నగరంలో తిరగకూడదన్న నిబంధన వచ్చాక, ఆకుపచ్చ మచ్చతో సహా తుక్కు కింద వెళ్లిపోయింది. వెళ్లేముందు అరలోని చెంచాని నేను నా సంచీలో వేసుకున్నాను. పప్పూ షెడ్డు ఉన్న గోడ ఇప్పుడు లేదు, నానమ్మా లేదు. మయూర్ విహార్ నుంచి ద్వారకకి మెట్రో వస్తుంది. నాన్న తన వాదనలు ఫోనులో నాతో చేస్తాడు, పక్కనుంచి అమ్మ సరిదిద్దుతుంది. కారు కప్పు మీద వడియాలు ఎవరూ పెట్టడం లేదు. అన్నిటికన్నా నాకు లోటనిపించేది ఎత్తిన బానెట్. దాని చుట్టూ నిలబడి మనుషులు తప్పో ఒప్పో వాదించుకునేవాళ్లు. అప్పుడప్పుడు ఒకరు పరీక్షించి చూసేవాళ్లు. ఇప్పుడు సర్వీసు సెంటర్‌లో అద్దం ఇవతల సోఫా ఉంటుంది. బండి అద్దం అవతల ఉంటుంది.

నిన్న ఆ నిమ్మకాయల వాసన దాటుకుని నేను వెళ్లింది సర్వీసు సెంటర్‌కే. నా కారు తొమ్మిదేళ్ల బండి, కొన్నాళ్లుగా వణుకుతోంది. యూనిఫాం వేసుకున్న అమ్మాయి టాబ్లెట్ నా ముందు పెట్టింది. ఇంజను మొత్తం మార్చాలట. కింద ఉన్న అంకె చూసి, ఎలా తెలిసిందని అడిగాను. సిస్టం చూపిస్తోందంది. సిలిండర్ల బిగువు చూశారా, నూనె పోసి మళ్లీ చూశారా అని అడిగాను. ఆ అమ్మాయి మర్యాదగానే నవ్వింది.

"మేడమ్, ఏక్ బార్ సర్ సే బాత్ కర్ లీజియే. డిసిషన్ వో లేంగే నా?" ఒకసారి ఇంట్లో సర్‌తో మాట్లాడండి, నిర్ణయం తీసుకునేది ఆయనే కదా, అంది.

నేను సంచీలోంచి చెంచా తీసి టాబ్లెట్ పక్కన పెట్టాను. పిడి దగ్గర ఇంకా నల్లగానే ఉంది.

"గాడీ మైఁ చలాతీ హూఁ," అన్నాను. "బానెట్ ఖుల్‌వాయియే." బండి నడిపేదాన్ని నేను, బానెట్ తెరిపించండి, అని.

ఆ అమ్మాయి టాబ్లెట్ తిప్పి బోర్లా పెట్టింది. తరవాత అద్దం తలుపు తెరిచి, మెకానిక్‌ని పిలిచి, నాతోపాటు తను కూడా బండి దగ్గరికి వచ్చి నిలబడింది.